స్వామి తోసేసిన శుభలేఖ

మా బావగారు కామేశంగారికి అరవై ఎనిమిదేళ్ళు. అందులో ముప్పై ఎనిమిదేళ్ళు జార్జి టౌన్‌లో ఒక శుభలేఖల కొట్లో, కౌంటరు వెనక నిలబడి వచ్చినవాళ్ళకి ఆల్బం తిప్పి చూపించడంలో గడిచాయి. మిగతా కాలమంతా తాను సెంజి కోట కిల్లేదారు వంశంలో పుట్టానని చెప్పుకోవడంలో గడిచింది. రెండు పనులూ ఒకేసారి చేసిన రోజులే ఎక్కువ. పెళ్ళివారు ఎర్ర కార్డా పసుపు కార్డా అని తేల్చుకునేలోపల ఈయన నాయకరాజుల దగ్గర మొదలుపెట్టి తన ముత్తాత దాకా వచ్చేసేవారు. పాపం, కార్డు కోసం వచ్చినవాళ్ళు, వినక ఏం చేస్తారు?

కిల్లేదారంటే కోటకి అధికారి. తాళాలు, తలుపులు, ధాన్యం, మందుగుండు అన్నీ ఆయన చేతిలోనే ఉండేవట. మా అత్తగారింట్లో మాత్రం బీరువా తాళంచెవి కూడా ఎప్పుడూ వేళకి దొరికేది కాదు. పూర్వీకుల కత్తి ఒకటి ఉందని పెళ్ళిచూపుల్లో చెప్పారు. కాపురానికి వచ్చాక చూస్తే దాంతో అత్తగారు కొబ్బరికాయలు కొడుతున్నారు.

నేను రాజలక్ష్మిని. కామేశంగారి తమ్ముడు సుధీంద్రగారి భార్యని. మా నాన్న అదే జార్జి టౌన్‌లో ఒక మిరపకాయల గిడ్డంగిలో తూకం గుమాస్తా. మా అత్తగారు వెంకటలక్ష్మమ్మగారు నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ. "తూకం గుమాస్తా కూతురు ఏం చేస్తా ఉంది?" అనేవారు. నేను ఆవిడ ఎదురుగానే ఉండేదాన్ని.

ఆ ఇంట్లో ఒక ఆచారం. ఏ పెళ్ళి కుదిరినా అచ్చయిన శుభలేఖల్లో మొదటిది తీసి, నాలుగు మూలలా పసుపు పూసి, సెంజి కోటలో రాజగిరి కొండ కొసన ఉన్న రంగనాథుడి గుళ్ళో స్వామి పాదాల దగ్గర పెట్టి రావాలి. పెట్టేది ఇంటి పెద్దకొడుకే. ఆడవాళ్ళు కొండెక్కకూడదు. వెళితే గిళితే కింద చెరువు గట్టున కూర్చుని పులిహోర పొట్లాలకి కాపలా కాయొచ్చు. పందిరి రాట పాతే రోజు ఆ పెద్దకొడుకు చుట్టాలందరి ముందూ లేచి, స్వామి శుభలేఖని ఎలా అందుకున్నాడో చెప్పాలి. అది విన్నాకే రాట.

నా పెళ్ళి తొంభై ఒకటిలో. అంతకు ముందు ఏడాదే మామగారు పోయారు కాబట్టి బావగారికి అదే మొదటి కొండ. తోడు వెళ్ళిన మేనమామ శ్రీనివాసగారు కీళ్ళ నొప్పులని కిందే ఉండిపోయారు. రెండు గంటలయ్యాక, బావగారు దిగకముందే శుభలేఖ దిగింది. సగం చినిగి, మట్టి కొట్టుకొని, మెట్ల పక్క పొదలో పడింది. పసుపు చూసి మేనమామ గుర్తుపట్టారు. ఆ వెనకే బావగారు చెమట తుడుచుకుంటూ వచ్చి చెప్పిన మాట మా ఇంట్లో ఇప్పటికీ అందరికీ కంఠతా వచ్చు.

"నేనేం చేసేది మామా? మూడుసార్లు పాదాల కాడ పెట్టినా. మూడుసార్లూ స్వామి తోసేసినాడు. నాలుగోసారి గాలొచ్చి ఎత్తకపోయింది."

పెళ్ళి ఆగలేదు. మండపం కుదిరింది, ఊళ్ళ నుంచి చుట్టాలు దిగారు. ఆగినా బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికే నాకు పేరు పడిపోయింది. స్వామి తోసేసిన పిల్ల. మొదటి కాన్పు ఆరో నెలలో పోయింది. ఆస్పత్రి మంచం పక్కన నిలబడి అత్తగారు, "స్వామి ముందే చెప్పినాడు, మనమే వినలా" అన్నారు. రెండోది కూడా పోయింది. మూడోది ప్రణవి. ఆడపిల్ల పుట్టిందని ఎవరూ బాధపడలేదు, బతికిందని ఆశ్చర్యపోయారు. పేరంటంలో నన్ను చివర కూర్చోబెట్టేవారు. కొత్త పెళ్ళికూతుళ్ళకి నా చేత బొట్టు పెట్టించేవారు కాదు.

మా ఆయన మంచివారు. "అమ్మ అట్లనే అంటాది, నువ్వు పట్టించుకోబాక" అనేవారు. అంతే తప్ప అది అబద్ధమని ఒక్కసారి కూడా అనలేదు. ఆయనా నమ్మారు. ఆరేళ్ళ కిందట గుండెపోటుతో ఆయన పోతే, పదో రోజున పక్క గదిలో ఎవరో గొంతు తగ్గించి ఆ శుభలేఖ సంగతే ఎత్తారు. చాప మీద పడుకొని విన్నాను. నేను నమ్మానా అంటే, కొన్నేళ్ళు నేనూ నమ్మాను. నాకు అన్నిటికంటే కోపం అదే.

ఇప్పుడు ప్రణవి పెళ్ళి. షోళింగనల్లూరులో దాని ఆఫీసులోనే పనిచేసే విఘ్నేష్. పిల్లలే చూసుకున్నారు, పెద్దవాళ్ళం తలూపాం. శుభలేఖ మాత్రం బావగారే దగ్గరుండి వేయించారు. రిటైరైనా ఆ పని ఎవరికీ వదలరు. పైన బంగారు రంగులో చిన్న కోట బొమ్మ, దాని కింద 'సెంజి కోట కిల్లేదారు వంశస్థులు' అని మా పేర్లకంటే పెద్ద అక్షరాలు.

"ఏంది పెదనాన్నా, బిర్యానీ హోటల్ లోగో మాదిరి ఉంది?" అంది ప్రణవి. ఆయన రెండు రోజులు దానితో మాట్లాడలేదు.

మొదటి శుభలేఖకి పసుపు పూస్తున్నప్పుడు నేను చెప్పేశాను, ఈసారి నేనూ కొండెక్కుతానని.

"ఆడవాళ్ళు ఎక్కరాదు రాజీ. తెలుసు కదా."

"అయితే ప్రణవి పత్రిక ఈడనే ఉంటాది బావగారూ."

"స్వామి ఒప్పుకోడమ్మా."

"ఒకసారి తోసేసినాడు కదా. ఈసారి పత్రికని కాకుండా నన్నే తోసెయ్యమనండి."

ఆయన మా తోడికోడలి వైపు చూశారు, ఆవిడ పప్పు పోపు వైపు చూసింది. నాకు కావలసింది పెద్ద కోరికేం కాదు. ఆ శుభలేఖ స్వామి పాదాల దగ్గర నిలవడం నా కళ్ళతో నేను చూడాలి. రాట రోజున ఈయన నోటి నుంచి మళ్ళీ ఏదైనా ఒక్క మాట జారిందంటే, ముప్పై నాలుగేళ్ళు నేను మోసింది నా కూతురి నెత్తికెక్కుతుంది. నేను ప్రాణం పోయినా అది జరగనివ్వను.

ఆదివారం తెల్లారాక కారు మాట్లాడుకొని బయల్దేరాం. కొండెక్కడానికి ఆయన జరీ అంచు పట్టుపంచె కట్టారు. పైన చొక్కా మీద ఉత్తరీయం. సెంజి చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. టికెట్ల దగ్గర వాచీ చూసి "టైమయిపోయినట్టుంది రాజీ" అన్నారు. పదింపావు అయింది. గేటు దాటాక మోకాలు పట్టుకున్నారు. మొదటి మలుపులో మంచినీళ్ళ సీసా కారులో మరచిపోయానన్నారు, నా సంచిలోంచి తీసి ఇచ్చాను. దానికి మొహం చిన్నబుచ్చుకున్నారు.

నా కాళ్ళ సంగతి ఆయనకి తెలీదు. పురసవాక్కంలో బట్టలకొట్లో ముప్పై ఏళ్ళు నిలబడ్డ కాళ్ళు ఇవి. పొద్దున తొమ్మిదిన్నరకి నిలబడితే రాత్రి షట్టరు వేసేదాకా స్టూలన్నది కంటికి కనబడేది కాదు. అమ్మేవాళ్ళకీ కూర్చునే హక్కుందని ప్రభుత్వం చట్టం తెచ్చిన ఏడాదే నేను పని మానేశాను. నా అదృష్టం అట్లాంటిది. ఆ కాళ్ళకి ఈ మెట్లొక లెక్కా? నేను ఎక్కుతూనే ఉన్నాను. ఆయన మాత్రం ఇరవై మెట్లకోసారి ఆగి కోట చరిత్ర చెప్పారు. ఆయాసం వచ్చిన చోటల్లా ఏదో ఒక యుద్ధం జరిగింది.

సగం కొండలో అమ్మవారి గుడి ఉంది. అక్కడ కోతులు గుంపుగా కూర్చున్నాయి. వాటిని చూడగానే బావగారు శుభలేఖ కవరుని పంచె మడతలో దాచేశారు. తర్వాత అమ్మవారికి దణ్ణం పెట్టి, మెల్లగా నా పక్కకొచ్చారు.

"ఈడ పెట్టినా ఒకటే రాజీ. దేవుళ్ళంతా ఒకటే కదా."

"ముప్పై నాలుగేళ్ళ ముందర ఎందుకు ఒకటి కాలేదు బావగారూ?"

ఆయన ఉత్తరీయంతో మొహం తుడుచుకొని మళ్ళీ ఎక్కారు.

కొండ కొస ఇంకాస్త దూరంలో ఉందనగా బండ రెండుగా చీలిపోయి ఉంటుంది. ఆ చీలిక మీద చిన్న వంతెన. పూర్వం శత్రువులు వస్తే దాన్ని ఎత్తేసేవారట, ఇప్పుడు కదలకుండా బిగించి రెండు పక్కలా కమ్మీలు పెట్టారు. పది అంగలేస్తే అవతల ఉంటాం. కింద మాత్రం లోతు. అక్కడికొచ్చి బావగారు ఆగిపోయారు. మొహంలో రక్తం లేదు.

"నువ్వు ఈడనే ఉండు. ఇంక పైకి ఆడవాళ్ళు పోరాదు. నేను పొయ్యొస్తా."

ఆయన ఆ మాట అంటుండగానే కాలేజీ ఆడపిల్లలు ఏడెనిమిది మంది కేకలు పెడుతూ మమ్మల్ని దాటి, వంతెన మధ్యలో నిలబడి ఫోటోలు తీసుకొని, అవతలికి పరుగెత్తారు.

"నడవండి బావగారూ. మీ వెనకే వస్తా," అన్నాను.

వెనక నేను ఉన్నాను కాబట్టి నడిచారు. ఒక అడుగు వేశారు, రెండోది వేశారు. కమ్మీని రెండు చేతులా పట్టుకున్నారు. నాలుగో అడుగులో కిందికి చూశారు. చూసి, అక్కడే, వంతెన మధ్యలో, పట్టుపంచెతో చతికిలబడ్డారు. కళ్ళు గట్టిగా మూసేశారు.

"తిరగతా ఉంది రాజీ. అంతా తిరగతా ఉంది."

ప్రతి పెళ్ళికీ ఈ వంతెన దాటానని చెప్పే మనిషి కూర్చునే తీరు కాదది. ఆయన మడతలోంచి కవరు తీసుకున్నాను. ఆపలేదు, చేతులు కమ్మీని వదిలితే కదా ఆపడానికి. ఆయన్ని దాటుకొని అవతలికి వెళ్ళాను.

పైన గాలి. రాతి మంటపాలు, పగిలిన గోడలు, దూరంగా పొలాలు. గుడి చిన్నదే. చెప్పులు విడిచి, కొంగు సర్దుకొని, లోపలికి వెళ్ళాను. ముప్పై నాలుగేళ్ళుగా నన్ను వద్దన్న స్వామిని మొదటిసారి చూడబోతున్నానని రెండు చేతులూ జోడించాను. అదీ చెప్పాలి, నిజంగానే జోడించాను.

గర్భగుడిలో ఎవరూ లేరు. స్వామి లేడు, పీఠం మీద పువ్వు లేదు, దీపం లేదు. చీకట్లో గబ్బిలాల కంపు. ఫోను లైటు వేసి నాలుగు మూలలూ చూశాను. కాపలా మనిషి వచ్చి, చొక్కా మీద అరుళ్ అని పేరుంది, ఏం వెతుకుతున్నారని తమిళంలో అడిగాడు. స్వామి ఏడీ అన్నాను.

"స్వామి లేదమ్మా. మా తాత కాలంలోనే లేదంట," అని నా చేతిలో శుభలేఖ చూసి, "ఈడ పూజ లేదు, కింద అమ్మవారి గుళ్ళో పెట్టుకోండి" అన్నాడు.

పాదాలే లేవు. ఇక పాదాల దగ్గర పెట్టిందెవరు, తోసిందెవరు? ఆదిశేషుడి మీద పడుకున్న స్వామి, బంగారు తొడుగుల పాదాలు అని బావగారు ప్రతి రాట రోజునా కళ్ళు మూసుకొని వర్ణించేవారు. అంతకుముందు మామగారూ సరిగ్గా అవే మాటలు చెప్పేవారని అత్తగారు మురిసిపోయేవారు. అంటే ఆ మామగారు కూడా ఈ వంతెన దాటలేదు. కిల్లేదార్లట, కిల్లేదార్లు! ఆ వంశంలో నాకు తెలిసి కోట పైకెక్కిన మొదటి మనిషిని నేను, తూకం గుమాస్తా కూతుర్ని.

ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. బిడ్డని పోగొట్టుకొని మంచం మీదున్న దాన్ని పట్టుకొని స్వామి ముందే చెప్పాడన్నారే, ఆ మాట వెనక్కి తీసుకోవడానికి అత్తగారు లేరు. వినడానికి మా ఆయన లేరు. ఎవరికి చూపించను ఈ ఖాళీ గది? గబ్బిలాలకి పెళ్ళి పిలుపెందుకని శుభలేఖని సంచిలో పెట్టుకొని కిందికొచ్చాను.

బావగారు వంతెన మధ్యలో అలాగే ఉన్నారు. వచ్చేపోయేవాళ్ళు ఆయన్ని దాటుకొని పోతున్నారు. చప్పుడు విని కళ్ళు తెరవకుండానే అడిగారు.

"పెట్టినావా అమ్మా? నిలిచిందా?"

"స్వామి తల ఏ పక్క పెట్టుకోనుండాడు బావగారూ?"

"దక్షిణం. పాదాలు ఉత్తరం పక్క."

"ఆడ ఏమీ లేదు. గబ్బిలాలు ఉండాయి."

ఆయన కమ్మీని ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

"నా పత్రిక ఏం చేసినారు?" అన్నాను.

"కోతి."

"ఏంది?"

"కోతి ఎత్తకపోయింది రాజీ. ఈడనే, వంతెన ముందర. దాటలేక కూర్చోనుంటే పండ్ల సంచీతో కూడా లాక్కపోయింది. పండు తినేసి పత్రిక కిందకి ఇసిరేసింది. మామ ఆడ చూసేసినాడు. నేనేం చెప్పేది? కిల్లేదారు కొడుకు వంతెన దాటలేదని చెప్పేదా?"

"అందుకని స్వామి నన్ను తోసేసినాడని చెప్పినారు."

"నిన్ను అనలా. పత్రికనే అన్నా."

ఆ మాటకి ఆయన్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోదామనిపించింది.

"మూడుసార్లు తోసేసినాడని ఎందుకు?"

"ఒక్కసారంటే నమ్మరని."

తర్వాత పెళ్ళిళ్ళ శుభలేఖలన్నీ అమ్మవారి గుడి వెనక ఒక రాయి కింద పెట్టి వచ్చేవారట. చెప్పి చెయ్యి చాచారు. "చెయ్యియ్యి రాజీ, నాకు వెనక్కి వచ్చేదానికి కూడా కాలేదు."

నేను చెయ్యివ్వలేదు. ఫోను తీశాను. మా అత్తింటివారిది వాట్సాప్ గ్రూపొకటి ఉంది, ఎనభై ఆరు మంది, పేరు 'సెంజి కిల్లేదార్స్'. మాట రికార్డు చేసే గుర్తు నొక్కి ఆయన నోటి దగ్గర పెట్టాను.

"ముందు ఇందులో చెప్పండి. తర్వాత చెయ్యిస్తా."

"ప్రణవి పెళ్ళి అయిపోనీ అమ్మా."

"ప్రణవి పెళ్ళి కోసమే."

ఆడపిల్లల గుంపు తిరిగొస్తూ వంతెన మీద దడదడమని అడుగులు వేసింది. ఆయన ఒక్కసారి అమ్మా అని అరిచి, చెప్పేశారు. "నేను కామేశాన్ని మాట్లాడతా ఉండా. నేను ఏనాడూ కొండ పైకి పోలా. వంతెన ఒక్కసారి కూడా దాటలా. తొంభై ఒకటిలో రాజీ పత్రిక కోతి ఎత్తకపోయింది. స్వామి తోసెయ్యలా. పైన స్వామే లేడు." నేను పంపే గుర్తు నొక్కి, ఆయన చెయ్యి పట్టుకొని లేపి, చిన్నపిల్లాణ్ణి నడిపించినట్టు ఇవతలికి తెచ్చాను.

కొండ మీద టవరు లేదు. ఆ మాట పక్కన చిన్న గడియారం గుర్తు పడి అలాగే ఉండిపోయింది. ఇంకా పోలేదని ఆయనకీ చెప్పాను. సిగ్నలు తగిలేలోపు కావాలంటే తీసెయ్యొచ్చు.

అమ్మవారి గుడి దాకా ఆయన నా చెయ్యి వదల్లేదు. పోయేముందు ఆస్పత్రిలో మా ఆయనా నా చెయ్యి అలాగే పట్టుకున్నారు, అన్నదమ్ములే కదా. నాకు జాలేసింది. నోటితో ఒప్పుకున్నారు, అది నేను విన్నాను, చాలదా అనుకున్నాను. కింద దిగాక తీసేద్దామనే అనుకున్నాను.

కానీ ఆయన దిగిన ప్రతి మెట్టుకీ కొంచెం కొంచెం కిల్లేదారైపోయారు. గుడి దాటాక చెయ్యి వదిలేశారు. ఇంకాస్త దిగాక ఉత్తరీయం సర్దుకున్నారు. నేలమీదికి వచ్చేసరికి నా ముందు నడుస్తున్నారు. చెట్టు నీడలో దోసకాయ ముక్కలకి కారం అద్ది అమ్ముతుంటే అక్కడి బల్ల మీద కూర్చున్నారు. పక్కన తిరుపతి నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ఉంది. తెలుగు వినబడితే ఈయన ఆగుతారా?

"మా పెద్దలు ఈడ కిల్లేదార్లండీ. ఈ పొద్దు మా తమ్ముడి కూతురి పత్రిక పైన పెట్టి వస్తా ఉండాం. స్వామి చక్కంగా తీసుకున్నాడు." అని, నిలబడి ఉన్న నన్ను చూపించారు. "ఈమె పెళ్ళప్పుడు మూడుసార్లు తోసేసినాడు. పాపం. ఇన్నాళ్ళకి శాంతించినాడు."

నా వేలు ఆ గడియారం గుర్తు పక్కనే ఉంది. వేలు తీసేసి, ఫోను సంచిలో వేసుకున్నాను.

నిమిషం కాలేదు, సంచిలో టింగుమంది. వెంటనే ఆయన జేబులోనూ టింగుమంది. "ప్రణవి అయ్యుంటాది, నిలిచిందా అని అడగతా ఉంటాది" అని వాళ్ళతో నవ్వి, కళ్ళజోడు పెట్టుకొని, ఫోను నొక్కారు. చెవులు సరిగ్గా వినబడవని ఆయన ఎప్పుడూ శబ్దం పూర్తిగా పెట్టుకుంటారు.

నేను కామేశాన్ని మాట్లాడతా ఉండా, అని ఆయన గొంతే మొదలైంది. ఆపడం చేతకాక ఆయన అటూ ఇటూ నొక్కుతూనే ఉన్నారు, అది చివరిదాకా మోగింది. తిరుపతావిడ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత లేచి, పిల్లాణ్ణి ఒళ్ళోకి లాక్కొని, "మీరు కూర్చోండక్కా" అని నాకు చోటిచ్చింది. నేను కూర్చొని, కారం ఎక్కువ వేయించుకొని, ఒక దోసకాయ ముక్క తిన్నాను.